గంధం కింది గుర్తు

రంధ్రాన్ని రవంత రుద్దితే పైపు తనంతట తనే ఎక్కి కూర్చుంటుందని వేలుసామి కారు కింద పడుకుని నాలుగోసారి అంటున్నాడు. రుద్దిన రంధ్రంలోంచి పొగ కారుతుందనీ, పొగ కారే బండితో ఆదివారం కోయంబత్తూరులో పాత కార్లవాళ్ల ప్రదర్శనలో నిలబడటం కంటే షెడ్డుకు తాళం వేసుకుని ఇంట్లో పడుకోవడం మేలనీ కొడుకు ఆనంద్‌కుమార్ బానెట్ లోపలికి వంగి నాలుగోసారి జవాబు చెబుతున్నాడు. తండ్రి మాట నేల మీంచి వస్తోంది, కొడుకు మాట పైనుంచి వస్తోంది, రెండూ కలిసే చోట, డ్రైవరు సీట్లో, స్టీరింగును కుడివైపు చివరిదాకా తిప్పి రెండు చేతులతో బిగబట్టి సౌందరం కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు కదా, కొంచెంసేపు వచ్చి పట్టుకో అని మూడున్నరకు పిలిచారు. ఇప్పుడు నాలుగు దాటి ఉంటుంది. అరుగు మీద నుంచి అత్తగారు తంగమ్మాళ్, ఒక ఇనుప పైపు కోసం తండ్రీకొడుకులకు ఇంత సండై, ఇంత తగువు, ఏంటికని, ఎవరూ వినకపోయినా అడుగుతూనే ఉంది.

“సౌందరం, వదలొద్దు,” అన్నాడు వేలుసామి కింద నుంచి. “వదిలితే ఆ రాడ్డు నేరుగా నా వేళ్ల మీదికి వస్తుంది. పట్టుకొనే ఉండావు కదా?”

“పట్టుకొనే ఉండాను.”

పట్టుకునే ఉంది, ఇంకేం చేయగలదు. చేతులు తిమ్మిరెక్కి మోచేతుల దాకా తనవి కానట్టు ఉన్నాయి. రెక్సిన్ సీటు ఎండకు మగ్గిన వాసన, దానికింద ఎక్కడో నాయన పొగాకు వాసన. అది నిజంగా ఉందో, తన ముక్కు తయారు చేసుకుంటోందో తెలియదు. ఈ స్టీరింగును ఎనిమిదేళ్లప్పుడు నాయన ఒళ్లో కూర్చుని తిప్పింది. ఆగి ఉన్న బండిని పీళమేడు నుంచి పొళ్లాచ్చి దాకా నోటితో శబ్దం చేస్తూ నడిపింది. నాయన రంగసామి పంపుల ఫౌండ్రీలో పాటర్న్ వేసేవాడు. ఇనుము పోయడానికి ముందు అదే ఆకారం చెక్కతో చేస్తారు కదా, ఆ చెక్క పని. ముప్పై ఏళ్లు చెక్కతో పంపులు చేసి, వాటిలో ఒక్కదానిలోనూ నీళ్లు పారకుండానే రిటైరయ్యానని నవ్వేవాడు. ఎవరో మిల్లు మేనేజరు వాడి వదిలేసిన ఈ ఫియట్‌ను కొన్నాడు, తుడిచాడు, పోయాడు. ఒక్కతే కూతురు కాబట్టి కారు సూలూరుకు, సౌందరం అత్తవారింటికి వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా ఈ షెడ్డులో కోళ్లకు నీడనిచ్చింది. కొడుకు ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని, ఇంక తాత కారును నడిపిస్తానని పట్టుపట్టేదాకా దాని మీద గుడ్డ కూడా తీయలేదు. తుప్పుపట్టిన పాత ఇంజను ఇప్పుడు మూలన టార్పాలిన్ కింద ఉంది. ఇంట్లోంచి పెద్దవాళ్లను లేపినట్టు దాన్ని లేపారు, పసుపు కుంకుమ పెట్టి మరీ లేపారు. వెనకభాగం నలిగిన వేరే కారు నుంచి తెచ్చిన కొత్త ఇంజను లోపల కూర్చుంది. గేరుబాక్సు కలిసింది, ఇంజనును మోసే కాళ్లు అతికాయి, వైర్లు ఎక్కాయి. అన్నీ అయ్యాయి. ఈ పైపు ఒక్కటే.

నాలుగు పైపులు ఇంజను పక్క నుంచి బయలుదేరి, వంకర్లు తిరిగి, స్టీరింగు రాడ్డును తప్పించుకుని, కింద ఒకే పైపుగా కలుస్తాయి. ఆనంద్ దాన్ని హెడర్ అంటాడు. దాన్ని వంచి అతికి చేసిన ముసలి సుడలై మాత్రం చెయ్యి అంటాడు: నాలుగు వేళ్లూ ఒక మణికట్టూ. వేళ్ల మొదళ్లన్నీ ఒక ఇనుప పట్టీకి అతికి ఉంటాయి. పట్టీలోని రంధ్రాల్లోకి ఇంజనుకున్న బోల్టులు దిగాలి. మొదటి బోల్టు దిగుతుంది. రెండోది రాసుకుంటూ దిగుతుంది. చివరిది రంధ్రం అంచు మీద ఆగిపోతుంది. ఎంత తేడా అని ఆ రోజు, మంగళవారం, వేలుసామి అడిగితే ఆనంద్ వంగి చూసి చెప్పాడు. ఒక నూలు తక్కువ, నాయనా. సరిగ్గా ఒక నూలు.

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వడ్రంగుల మాట, ఫౌండ్రీ మాట. ఆ మాట విన్నప్పుడు సౌందరం చేతిలో పెరుగు గిన్నె ఉంది. తెలిసింది అప్పుడేనా? లేక, అంతకు ముందు రాత్రి భోజనాల దగ్గర కోడలు రంజని తిరుప్పూరులో తన కంపెనీ సంగతి చెప్పినప్పుడా? రంజని బనియన్ల ఎగుమతి లెక్కలు చూస్తుంది. ఉతికితే కుంచించుకుపోయే బట్టను ముందే పెద్దగా కత్తిరించాలత్తమ్మా, ఈసారి ఎవరో మర్చిపోయారు, నాలుగువేల చొక్కాలు పిల్లల సైజు అయిపోయాయి, అని నవ్వింది. అందరూ నవ్వారు. సౌందరం కూడా నవ్వింది, కానీ నవ్వుతూనే పూజగది వైపు చూసింది, ఎందుకో తెలియలేదు. తెలియలేదా? పోనీ పైపు కోసం కొలతలు తీసిన రోజే తెలుసేమో. రెండు నెలల కిందట ఇక్కడే నిలబడి, టేపు వంగిపోతోంది, బిరుసుగా ఏదైనా కావాలి, ఆనంద్ దగ్గరున్న కొలత పరికరం ఆరంగుళాలు దాటి తెరుచుకోదు అని వేలుసామి విసుక్కుంటుంటే, ఎవరూ అడగకుండానే ఆమే పూజగదిలోకి పోయింది. సరస్వతమ్మ పటం పక్కన ఎర్రగుడ్డలో ఉన్న నాయన ఉక్కు స్కేలును తెచ్చి భర్త చేతికిచ్చింది. నాయన కారుకు నాయన స్కేలు. ఆ క్షణం ఎంత గర్వపడింది, కళ్లు చెమర్చాయి కూడా. కళ్లు చెమర్చినవాళ్లకు ఎదురుగా ఉన్నది కనిపించదు కాబోలు.

నెత్తిమీద విమానం పోయింది, సూలూరు విమానాలకు వేళాపాళా లేదు, ఆ మోత పోయేదాకా తండ్రీకొడుకులు కూడా నోరు మూశారు. పక్క వీధిలో మరమగ్గాలు మాత్రం ఆగలేదు. వాటి టకటకలో ఆమెకు నాయన గొంతు వినిపించింది, ఆమె ఆరో తరగతి గొంతూ వినిపించింది. అట్టపెట్టె చేసుకురమ్మని బడిలో చెప్పారు. పెట్టెకు నాయన స్కేలు, మూతకు బడి స్కేలు. మూత పట్టలేదు. ఏడుస్తూ కూర్చుంటే నాయన ఆ స్కేలునూ ఈ స్కేలునూ పక్కపక్కన పెట్టాడు. అడుగు దగ్గర నాయన స్కేలు ఒక నూలు పొడుగు. ఇది ఇనుము కోసం అబద్ధమాడే స్కేలు పాపా, అన్నాడు. కరిగిన ఇనుము చల్లారితే కుదించుకుంటుంది, అడుగుకు ఒక నూలు. అందుకని చెక్కను ముందే ఆమాత్రం పెద్దగా చేయాలి. ఆ లెక్క మనం కట్టక్కర్లేకుండా స్కేలే కట్టిపెట్టి ఉంటుంది. దీంతో అట్టలు కొలవొద్దు, గుడ్డలు కొలవొద్దు, చల్లని ఇనుమును అసలే కొలవొద్దు. చూడు, ఇక్కడ గుర్తు ఉంది. స్కేలు చివర పోత ఇనుమని చెప్పే ఇంగ్లీషు అక్షరాలు రెండు, పక్కన ఒకటి బై ఎనిమిది. ఆమె వేలు పట్టి ఆ గుర్తు మీద రుద్ది చూపించాడు, మర్చిపోకుండా.

మర్చిపోలేదు. గుర్తే కనిపించకుండా పోయింది. ఏటా ఆయుధ పూజకు ఇంట్లో ఉన్న స్పానర్లు, సుత్తులు, కత్తిపీట, రంజని లాప్‌టాప్, అన్నిటితోపాటు ఆ స్కేలుకూ ఒక చివర గంధం, గంధం మీద కుంకుమ. పెట్టిన గంధాన్ని తుడవకూడదని తంగమ్మాళ్ మాట: పనిముట్టు పనిలోకి దిగితే ఆ గంధం దానంతటదే రాలిపోవాలి, అదే దానికి దండం. స్పానర్ల మీద రెండు రోజులు నిలవదు. పనిలేని స్కేలు మీద పంతొమ్మిదేళ్ల గంధం పొర మీద పొర పేరుకుని, గచ్చులాగా గట్టిపడి కూర్చుంది. ఏటా పెట్టింది సౌందరమే. ఉంగరపు వేలితో, కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ గుర్తు మీద.

“అమ్మా, ఇంకొంచం కుడికి రాదా?” అన్నాడు ఆనంద్ అద్దం అవతలి నుంచి. రాదంది. చెమటతో వాడి ముఖం మెరుస్తోంది, కోపంతో ముక్కు ఎర్రబడింది. వేడెక్కినవాళ్లు ఉన్నదాని కంటే పెద్దగా కనిపిస్తారు, నాయన అనేవాడు, మనిషైనా ఇనుమైనా చల్లారనిచ్చి కొలవాలి. వీణ్ణి చల్లారనివ్వలేదు. మంగళవారం సాయంత్రమే పైపును బైకుకు కట్టుకుని సింగానల్లూరులో సుడలై షెడ్డుకు పోయాడు. వచ్చి చెప్పాడు, చెప్పడంలో ఒక దర్జా ఉంది. పైపును ముసలాయన ముందు పడేశాడట. షెడ్డులో ఇంకో నలుగురు బళ్లవాళ్లు ఉన్నారట. కళ్లు కనబడకపోతే పని మానుకోవాలి గానీ ఊరి బళ్లు పాడుచేయకూడదన్నాడట. అక్కడికీ ఊరుకోక, పాత కార్లవాళ్ల వాట్సాప్ గుంపులో పైపు ఫొటో పెట్టి, ఒక నూలు తప్పు, వయసైపోయింది, ఇంక ఎవరూ అక్కడికి పోకండి అని రాశాడు. బుధవారానికి ఇద్దరు తమ బళ్లను వెనక్కి తెచ్చేసుకున్నారట. ఈ పొద్దున మూడో ఆయన. ముప్పై ఏళ్ల పేరు మూడు రోజుల్లో.

ఆమె అడిగింది, సుడలై ఏమన్నాడురా అని. ఏమంటాడు, అన్నాడు ఆనంద్. మనం రాసిచ్చిన కాగితం తీసి, పట్టీ పక్కన పెట్టి కొలిచాడు, కాగితంలో ఉన్నట్టే ఉంది, మీరు రాసిందే చేశాను తంబి అన్నాడు. అప్పురం, కొలిచినాక, ఆ కాగితాన్నే చాలాసేపు చూశాడు. చూసి ఏదో పిచ్చి ప్రశ్న.

“ఏం ప్రశ్న?”

“ఎంద స్కేల్ తంబి, అన్నాడమ్మా. ఏ స్కేలుతో కొలిస్తిరి అని. స్కేలులో ఏముంటుంది? మా తాతది, పూజలో ఉండేది అంటిని. దాంతో నోరు మూసుకున్నాడు. తప్పు తనదే అయినా కావచ్చు, ఇంకొకటి చేసిస్తానన్నాడు. నాకొద్దంటిని.”

మూడు రోజులుగా ఆమెను వదలనిది ఆ మాటే. మా తాతది అనగానే సుడలైకి తెలిసిపోయింది. తెలియకపోవడమేమిటి, ఇరవై ఏళ్లు ఆ స్కేలు కిందనే కదా పనిచేశాడు. నాయన దగ్గర పని నేర్చుకున్న చివరివాడు, ఫౌండ్రీ వదిలాకే ఈ పైపుల షెడ్డు పెట్టుకున్నాడు. తెన్‌కాశి వైపు నుంచి పాతికేళ్ల వయసులో, భార్యనూ ఒక రేకు పెట్టెనూ వెంటబెట్టుకుని వచ్చినవాడు, తెలుగు ముక్క రాదు, నాయన తెలుగులో తిడితే తమిళంలో నవ్వేవాడు. సౌందరాన్ని చిన్నపిల్లను పిలిచినట్టు అమ్మిణి అంటాడు, ఇప్పటికీ. నాయన పాడెకు ముందు వైపు భుజం ఇచ్చాడు, కొడుకు లేని ఇల్లు కదా. చెప్పి ఉండొచ్చు. నలుగురిలో, తంబి, మీ తాత స్కేలు పాటర్న్ స్కేలు, మీ అమ్మకు తెలుసు, పోయి అడుగు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. తన పేరు పోతున్నా అమ్మిణి పేరు ఎత్తలేదు. ఆ మనిషికి అంత తెలిసిందంటే ఇంకొకటి కూడా తెలిసే ఉంటుంది. తెలుసా? ఆసుపత్రిలో నాయన మంచం పక్కన ఆమె ఒక్కతే ఉంది. గొంతులో గొట్టం తీసిన రోజు. మాట బొంగురుగా, కానీ స్పష్టంగా. ఆ స్కేలు సుడలైకి ఇయ్యి పాపా. దాంతో పని తెలిసినవాడు వాడొక్కడే.

ఇవ్వలేదు. కర్మ అయ్యాక ఇద్దామనుకుంది. అప్పుడు తంగమ్మాళ్, పూజలో పెట్టిన పనిముట్టు గడప దాటితే దాంతో లక్ష్మి కూడా దాటుతుందమ్మా అంది. వేలుసామి, ఇప్పుడంతా కంప్యూటరు కొలతలు, వాడేం చేసుకుంటాడు అన్నాడు. వాళ్లు అన్నది నిజమే, కానీ వాళ్లు అనకపోయినా ఇచ్చేదా? స్కేలుకు నాయన అరచేతి చెమట వాసన ఉండేది. సంవత్సరీకం తర్వాత అనుకుంది, ఆనంద్ చెవులు కుట్టించాక అనుకుంది. సుడలై ఏటా పూజ మర్నాడు మరమరాల పొట్లంతో వచ్చి, పూజగది గడప బయట నిలబడి, లోపలికి దండం పెట్టి పోయేవాడు. ఒక్కసారీ అడగలేదు. ఎవరికి దండం పెడుతున్నాడో ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. ఆలోచించింది. కాఫీ ఇచ్చి మాట మార్చింది.

ఇప్పుడు చెబితే? స్కేలు తెచ్చిచ్చింది నువ్వా అని వేలుసామి అంటాడు. అనడు, అంతకంటే ఘోరం, నవ్వుతాడు, నవ్వి, నలభై ఏళ్లు మిల్లులో ఫిట్టరుగా చేసినవాడు మామగారి స్కేలును గుర్తుపట్టలేకపోయాడన్న సంగతి మనసులో పడి రాత్రంతా పొర్లుతాడు. ఆనంద్ గుంపులో తల ఎత్తలేడు. ఇంతమందిని నొప్పించే కంటే రంధ్రం రుద్దుకుని పోతే పోలేదా, ఒక నూలే కదా, పొగ కొంచెం కారుతుంది, కారనీ. మూడు రోజులుగా ఈ మాటే తనకు తను చెప్పుకుంది, పిండి రుబ్బుతూ, బట్టలారేస్తూ. కింద నుంచి ఆకురాయి మొదలైంది. రుద్దనే రుద్దుతున్నాడు, కొడుకు వద్దన్నా వినక. కిర్రు, కిర్రుమని ఆ శబ్దం స్టీరింగు కడ్డీలోంచి పాకి ఆమె అరచేతుల్లోకి, మోచేతుల్లోకి, పళ్లలోకి వచ్చింది. సుడలై చేసిన రంధ్రాన్ని తినేస్తోంది. సరిగ్గా చేసిన రంధ్రాన్ని. రాసిచ్చింది రాసిచ్చినట్టు చేసిన చేతిని వేలువేలుగా అరగదీస్తోంది, అరిగిపోయాక ఇంక కొలిచి చూపడానికి కూడా ఏమీ మిగలదు, తప్పు ఎవరిదో ఆ ఇనుపరజనుతో పాటు నేలమీద రాలిపోతుంది, సుడలై ముసలితనం ఒక్కటే మిగులుతుంది.

“ఏమండి,” అంది.

“ఏంది?”

“చేతులు బయటికి తీసుకోండి.”

“ఇంక రెండు నిమిషాలు ఉండు. దిగేట్టే ఉండాది.”

“తీసుకోండి. నేను వదిలేస్తా ఉండాను.”

ఆకురాయి ఆగింది. ఆనంద్ తలెత్తి అద్దంలోంచి అమ్మను చూశాడు. వేలుసామి రెండు చేతులూ, ఆ తర్వాత నెరిసిన తలా బయటికి వచ్చేదాకా ఆమె కళ్లు వాల్చకుండా చూసింది. అప్పుడు వదిలింది. చక్రం తనంతట తను గిర్రున సగం తిరిగి, ఒకసారి ఊగి, ఆగింది. చేతులు నొప్పి పుట్టాయా అని వేలుసామి అడిగాడు. అవునని, ఇంక రుద్దవద్దని, రంజని వచ్చేదాకా పైపును ముట్టుకోవద్దని చెప్పి లోపలికి పోయింది. రంజనికీ పైపుకూ ఏం సంబంధమని వెనక ఆనంద్ గొణగడం వినిపించింది.

పూజగదిలో దీపం పొద్దుటిదే, కొండెక్కి ఉంది. ఎర్రగుడ్డ విప్పింది. చింతపండు నానబెట్టిన నీళ్లతో తుడిస్తే పైపొర మెత్తబడింది, కిందపొర రాలేదు. బొటనవేలి గోటితో గీకింది. పసుప్పచ్చగా, ఎర్రగా, ఏడాదికొక పొర. ఆనంద్ పదో తరగతి ఏడు, వేలుసామి తండ్రి పోయిన ఏడు, రంజని వచ్చిన ఏడు, అన్నీ గోటికిందికి వచ్చాయి. అట్టడుగున ఉక్కు చల్లగా తగిలింది. రెండు అక్షరాలు, ఒకటి బై ఎనిమిది. వేలుపెట్టి రుద్దింది, ఆరో తరగతి వేలితో రుద్దినట్టే. గుర్తు ఎక్కడికీ పోలేదు.

ఆరింటి బస్సుకు రంజని వచ్చింది. కాఫీలకు అందరూ అరుగు మీదికి చేరారు: తంగమ్మాళ్ గోడకు ఆనుకుని, వేలుసామి గ్రీజు చేతులతో గ్లాసు పట్టుకోలేక అంచును పట్టుకుని, ఆనంద్ ఫోను చూసుకుంటూ. సౌందరం స్కేలును వాళ్ల మధ్య పరిచి, పక్కన ఆనంద్ టేపును చాచి పెట్టింది. ముందు వంగింది రంజని. అడుగు దగ్గర గీతలు రెండూ కలవలేదు. రంజని వేలు అక్కడ ఆగింది, తర్వాత గుర్తు మీద ఆగింది, తల ఎత్తి అత్తగారిని చూసింది. వేలుసామి గ్లాసు కింద పెట్టాడు. మిల్లులో నలభై ఏళ్లు, అన్నాడు తనలో తను. ఆనంద్ ఫోనును బోర్లా పెట్టాడు.

“దీన్ని నాయన సుడలైకి ఇయ్యమన్నాడు,” అంది సౌందరం. గొంతు హెచ్చించలేదు, వంటలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. “పోయే ముందర, నాతోనే చెప్పినాడు. నేను ఇయ్యలేదు. ఇది పాటర్న్ స్కేలని నాకు తెలుసు. మంగళవారం నుంచి కచ్చితంగా తెలుసు. నోరు తెరవలేదు. రేపు పొద్దున పోయి ఇచ్చేస్తా ఉండాను.”

“పూజలో పెట్టిన వస్తువు,” అని తంగమ్మాళ్ మొదలుపెట్టింది.

“ఈ ఏడు ఆ షెడ్డులో పెడతారు పూజకు, అత్తమ్మా. పనిలో పడితే గంధం దానంతటదే రాలుతుంది.”

తన మాటే తనకు తిరిగి వచ్చేసరికి ముసలామె కాఫీ గ్లాసు అందుకుంది. ఆనంద్, తలవంచుకునే, ఆదివారానికి ఇంక కారు కాదు కదమ్మా అన్నాడు. కాదంది. గుంపులో ఏం రాయాలో వాడే అడిగాడు, నువ్వు రాసిందాన్ని నువ్వే సరిచేసుకో, మా అమ్మ తప్పు కొలత ఇచ్చిందని రాయి, నా పేరు పెట్టే రాయి, ఈ రాత్రికే రాయి అని చెప్పింది. కొడుకు ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నాడు. వేలుసామి లేచి, తాను రుద్దిన రంధ్రాన్ని ఆ మనిషి చూస్తే ఏమనుకుంటాడో అని మెల్లగా అన్నాడు.

“చూడనీండి,” అంది. స్కేలును ఎర్రగుడ్డలో కాకుండా, మామూలు వంటింటి తువ్వాలులో చుట్టింది. “ఏడింటి బస్సు. ఆనందూ, నువ్వూ వస్తావు. పైపు నువ్వు పట్టుకో. స్కేలు నేను పట్టుకుంటాను.”